వెంట తీసుకెళ్ళిన పిల్లలందరినీ ఇల్లు చేర్చిన డాన్ బోస్కో



సెలవులు వచ్చాయంటే మన విచారణల్లోని యువజన సంఘాల పిల్లలకు ఇంట్లో కాలు నిలవదు. బెలూం గుహలనీ, గండికోట అనీ, ఫిబ్రవరిలో అయితే గుణదల మాత ఉత్సవమనీ బయలుదేరుతారు. వాళ్ళను పంపే తల్లిదండ్రులకూ, తీసుకువెళ్ళే పెద్దలకూ తెలియవలసిన ఒక పునీతుని జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాం.

పునీత జాన్ బోస్కో 1815 ఆగస్టు 16న ఉత్తర ఇటలీలోని బెక్కీ అనే కుగ్రామంలో, పేద రైతు కుటుంబంలో జన్మించాడు. రెండేళ్ళు నిండకముందే తండ్రి మరణించాడు. తల్లి మార్గరెట్ కాయకష్టం చేసి బిడ్డలను భక్తితో పెంచింది. పసితనంలోనే జాన్ గారడీ విద్యలు, తాడుమీద నడవటం నేర్చుకున్నాడు. ఊరి పిల్లలను పోగుచేసి ఆడించి, వారిచేత జపం చెప్పించేవాడు.

1841 జూన్ 5న ఆయన గురుపట్టం పొందాడు. అప్పట్లో ట్యూరిన్ నగరానికి పల్లెల నుండి పిల్లలు కూలి పనికి వచ్చేవారు. కరువుకు మన ఆదోని, కోసిగి వైపు నుండి వలసపోయే కుటుంబాల పిల్లలను తలచుకోండి, వారి స్థితి మీకే అర్థమవుతుంది. అటువంటి బాలురను ఆయన ఆదివారాలు చేరదీసి జ్ఞానోపదేశం చెప్పేవాడు. 1846లో వాల్దొక్కో అనే చోట ఒక పాక దొరికేవరకు వారికి స్థిరమైన చోటే లేదు. ఆ రోజుల్లో పిల్లలను వెంటబెట్టుకొని సుపెర్గా కొండమీది గుడి వంటి చోట్లకు కాలినడకన వెళ్ళేవాడు. దారిలో పాటలు, గుడిలో దివ్యపూజ, ఆ తరువాత భోజనం, ఆటలు. చీకటి పడే వేళకు తిరుగు ప్రయాణం.

తరువాతి సంవత్సరాల్లో ప్రతి శరదృతువులోనూ పిల్లలను రోజుల తరబడి పల్లెల వెంట తిప్పాడు. ఈ యాత్రలు ఇష్టం వచ్చినట్టు సాగినవి కావు. ఏ ఊరిలో ఎక్కడ పడుకోవాలో, ఎవరు భోజనం పెడతారో ఆ ఊరి గురువులతో, దాతలతో ముందే మాట్లాడి ఉంచేవాడు. 1864లో పిల్లలను జెనోవా వరకు రైలులో కూడా తీసుకువెళ్ళాడు. ఆ యాత్రలోనే మోర్నేసే గ్రామంలో మరియ మజరెల్లోను కలిశాడు. 1872లో వారిద్దరూ కలిసి మఠకన్యల సభను స్థాపించారు.

1855లో జరిగిన సంగతి ఒకటి సలేషియన్ సభలో నేటికీ చెప్పుకుంటారు. నేరాలు చేసిన బాలురను ఉంచే ట్యూరిన్ నిర్బంధ గృహం నుండి మూడు వందల మందికి పైగా బాలురను స్తుపినీజీకి ఒక రోజు విహారానికి తీసుకువెళ్తానని ఆయన అడిగాడు. మంత్రి రతాత్సి పోలీసులను తోడు ఇస్తానన్నా వద్దన్నాడు. సాయంత్రానికి అందరూ తిరిగి వచ్చారు, ఒక్కడూ తప్పిపోలేదు. పిల్లలు ఆయనను ప్రేమించారు కనుక ఆయన మాట దాటలేదు. ఆయన కూడా రోజంతా వారి మధ్యనే ఉన్నాడు. పిల్లల నడుమ పెద్దవాడు ఎప్పుడూ ఉండాలనేదే ఆయన విద్యా విధానానికి ప్రాణం.

1888 జనవరి 31న ఆయన ప్రభువునందు నిద్రించాడు. 1934 ఏప్రిల్ 1న, ఈస్టరు పండుగనాడు, పదకొండవ పయస్ పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు.

ఇక మన సంగతి ఆలోచించండి. 2021 ఫిబ్రవరి 14న తెల్లవారకముందే కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలంలో, మదనపల్లె నుండి అజ్మీరు యాత్రకు పోతున్న మినీ బస్సు డివైడరు దాటి లారీని ఢీకొన్నది. పద్నాలుగు మంది మరణించారు. బ్రతికింది నలుగురు పిల్లలు మాత్రమే. వారూ భక్తితో బయలుదేరినవారే. భక్తి ఉన్నంత మాత్రాన జాగ్రత్త అక్కరలేదని ఎవరూ అనుకోరాదు.

కనుక బండి మాట్లాడేటప్పుడు బాడుగ ఒక్కటే చూడకండి. డ్రైవరు లైసెన్సు, బండి ఫిట్‌నెస్ పత్రం, ఇన్సూరెన్సు అడిగి చూడండి. పిల్లలే కదా, సర్దుకుంటారని పదిమంది పట్టే జీపులో ఇరవై మందిని కుక్కకండి. ట్రాక్టరు ట్రాలీలో, లారీలో అసలే ఎక్కించకండి, అవి సరుకు మోసే బండ్లు. రాత్రి ప్రయాణం మానండి. తప్పకపోతే రెండవ డ్రైవరును పెట్టుకోండి. నల్లమల ఘాట్ రోడ్డు పగటి వెలుగులోనే దాటండి. మన ఎండలకు తాగునీరు బండిలోనే ఉండాలి. ఆడపిల్లలు ఉంటే మఠకన్యలో, తల్లులో తోడు వెళ్ళాలి. ప్రతి బిడ్డ పేరు, ఇంటి ఫోను నంబరు, తల్లిదండ్రుల అనుమతి పత్రం పెద్దల చేతిలో ఉండాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, ఆగిన ప్రతి చోటా పేర్లు పిలిచి లెక్క చూడాలి.

తల్లిదండ్రులారా, ఈ సంగతులు అడగటానికి మొహమాటపడకండి. అడిగితే విచారణ గురువులు ఏమనుకుంటారో అని ఊరుకోవద్దు. ఆ బిడ్డలను దేవుడు మొదట అప్పగించింది మీకే. యువజన నాయకులారా, విహారం బాగా జరిగిందో లేదో ఆ రాత్రి ప్రతి ఇంటి తలుపు దగ్గర తెలుస్తుంది.

పునీత జాన్ బోస్కోగారా, ప్రయాణాల్లో మా పిల్లల కొరకు ప్రార్థించండి.