లాహోరు కోటలో హైదరాబాదు యువకుడు

పాకిస్తాన్ సైనిక పాలనల గురించి ఢిల్లీలో చర్చ వచ్చినప్పుడల్లా భుట్టో ఉరి ప్రస్తావనకు రాక తప్పదు. 1979 ఏప్రిల్ 4న రావల్పిండి జైలులో జరిగిన ఆ ఉరికి ముందు పేరుకైనా ఒక విచారణ, ఒక తీర్పు, ఒక అప్పీలు ఉన్నవి. అంతకు పద్దెనిమిదేళ్ళ క్రితం, ఆ లాంఛనాలేవీ లేకుండానే, నిర్బంధంలో ప్రాణం పోగొట్టుకొన్న హసన్ నాసిర్‌ను తలచుకొనేవారు ఇక్కడ బహు తక్కువ. ఆయన మన హైదరాబాదువాడు.

1928లో ఒక ఉన్నత కుటుంబంలో పుట్టిన నాసిర్ పెరిగింది నిజాం పాలన చివరి రోజులలో. ఒక వంక నగరంలో మఖ్దూం మొహియుద్దీన్ వంటివారు కార్మిక సంఘాలు నిర్మిస్తున్నారు. మరొక వంక తెలంగాణ పల్లెలలో దొరల గడీల మీద రైతాంగం తిరగబడుతున్నది. ఆ గాలి సోకని యువకులు ఆనాడు అరుదు. దేశ విభజన దరిమిలా హైదరాబాదు నుంచి కరాచీకి తరలిపోయిన చదువుకొన్న ముస్లిములు చాలమంది కొత్త రాజ్యంలో కొలువులు వెతుక్కొన్నారు. ఇంగ్లీషు చదువూ, వంశగౌరవమూ ఉన్న నాసిర్‌కు కొలువు దొరకడం కష్టమయ్యేది కాదు. ఆయన మాత్రం కరాచీ మిల్లు కార్మికుల వాడలకు వెళ్ళి కమ్యూనిస్టు పార్టీలో చేరాడు.

1954లో పాకిస్తాన్ ప్రభుత్వం ఆ పార్టీని నిషేధించి, దొరికినవారినందరినీ జైళ్ళలో వేసింది. నాసిర్‌ను కూడా పట్టుకొని, కొంతకాలానికి దేశం వెలుపలికి పంపివేసింది. అలా ఆయన సుమారు ఒక సంవత్సరం భారతదేశంలో గడిపాడు. ఇక్కడ ఆయనకు తల్లి ఉన్నది, సొంత ఊరు ఉన్నది, చట్టబద్ధంగా పనిచేస్తున్న కమ్యూనిస్టు పార్టీ ఉన్నది. గడువు తీరగానే తిరిగి కరాచీకే వెళ్ళిపోయాడు. 1957లో నేషనల్ అవామీ పార్టీ ఏర్పడినప్పుడు దాని కరాచీ కార్యాలయ బాధ్యతలు చూశాడు. ఈ తిరుగు ప్రయాణాన్ని తెలివితక్కువతనమనే వివేకవంతులు ఉండవచ్చు. నేను ఆ కోవకు చెందినవాడిని కాను.

1958 అక్టోబరులో సైనిక శాసనం వచ్చింది. అదే నెలాఖరుకు ఆయూబ్‌ఖాన్ సర్వాధికారి అయినాడు. పార్టీలన్నీ రద్దయినవి. 1959 ఏప్రిల్‌లో పాకిస్తాన్ టైమ్స్, ఇమ్రోజ్ పత్రికలను నడిపే సంస్థను ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నది. పత్రికారచన వృత్తిగా గలవాడిని కనుక నేను ఈ సంగతిని ప్రత్యేకించి చెబుతున్నాను. ఒక ఖైదీ ఏమైనాడని అడిగే పార్టీ లేకుండా పోయింది. అడిగినా అచ్చువేసే పత్రిక లేకుండా పోయింది. తరువాత జరిగినదంతా ఈ నిశ్శబ్దంలోనే జరిగింది.

రహస్యంగా పనిచేస్తున్న నాసిర్ 1960లో కరాచీలో పట్టుబడ్డాడు. అక్కడి నుంచి ఆయనను లాహోరు కోటకు తరలించారు.

జైలుకూ, ఈ కోటకూ ఉన్న తేడా పాఠకులు గ్రహించాలి. జైలు ఎంత నికృష్టమైనదైనా దానికొక మాన్యువల్ ఉంటుంది. ఖైదీ పేరు రిజిస్టరులో ఎక్కుతుంది, డాక్టరు వస్తాడు, ఉత్తరం రాసుకొనే రోజు ఒకటి ఉంటుంది, ములాఖత్ ఉంటుంది. ఆ నియమాలను ఉల్లంఘించినప్పుడు ఖైదీలు నిరాహారదీక్ష చేయగలుగుతారు. మొగలాయీలు కట్టించిన లాహోరు కోటలో పోలీసు గూఢచారి శాఖ నడిపిన ఇంటరాగేషన్ కేంద్రానికి ఈ బెడదలు లేవు. అక్కడ ఖైదీ ఒంటరి. పక్క గదిలో ఎవరున్నదీ తెలియదు, ఎప్పుడు బయటపడేదీ తెలియదు.

దీనిని కనిపెట్టినది ఆయూబ్ కాదు. 1943లో అమృత్‌సర్‌లో పట్టుబడిన జయప్రకాశ్ నారాయణ్‌ను బ్రిటిషు ప్రభుత్వం ఈ కోటలోనే ఉంచి, రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా ప్రశ్నించింది. మరుసటి సంవత్సరం బొంబాయిలో దొరికిన రామమనోహర్ లోహియాకు కూడా ఇక్కడే అటువంటి సత్కారమే జరిగింది. తనను పెట్టిన హింసను గురించి లోహియా లండన్‌లోని హెరాల్డ్ లాస్కీకి ఉత్తరం రాశాడు. 1963లో లోక్‌సభలో అడుగుపెట్టి నెహ్రూ ప్రభుత్వాన్ని గడగడలాడించిన మనిషి, 1974లో బీహారును కదిలించిన మనిషి, ఇద్దరూ ఈ గదులను చూసి వచ్చినవారే. తెల్లవాడు వదలిపోయిన ఆ గదులనూ, ఆ పద్ధతులనూ కొత్త రాజ్యం భద్రంగా వాడుకొన్నది.

నాసిర్ అక్కడ బ్రతికి ఉన్నది కొద్ది వారాలే. 1960 నవంబరు 13న ఆయన మరణించాడు. అప్పటికి వయస్సు 32 సంవత్సరాలు. ఆ మరణవార్తను ప్రభుత్వం తనంతట తాను ప్రకటించలేదు. రావల్పిండి కుట్ర కేసులో శిక్ష అనుభవించిన మేజర్ ఇస్‌హాక్ ముహమ్మద్, నాసిర్‌ను కోర్టు ఎదుట హాజరుపరచాలని లాహోరు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశాడు. ఖైదీ పైజామా నాడాతో గోడ మేకుకు ఉరివేసుకొని ఎన్నడో చనిపోయినాడనీ, ఖననం కూడా అయిపోయిందనీ ప్రభుత్వం తరఫున అప్పుడు సమాధానం వచ్చింది. చిత్రహింసల వల్లనే చనిపోయినాడని ఆయన సహచరులు నమ్మారు. ఇస్‌హాక్ తరువాత ఈ ఉదంతం మీద ఉర్దూలో ఒక పుస్తకమే రాశాడు.

పొరుగు దేశాన్ని చూసి మనం రొమ్ము విరుచుకోవలసిన పని లేదు. 1976 మార్చిలో కేరళలో రాజన్ అనే ఇంజనీరింగు విద్యార్థి కక్కయం పోలీసు క్యాంపులో చనిపోయినాడు. ఆ తండ్రికి కూడా నిజం హెబియస్ కార్పస్ పిటిషన్ ద్వారానే బయటపడింది, అదీ ఎమర్జెన్సీ ముగిసిన తరువాత. శవం ఈనాటి వరకు దొరకలేదు. ఎమర్జెన్సీలో నిర్బంధితులు ఆ పిటిషన్ వేయడానికే వీలులేదని 1976 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మనకు సైన్యం రాలేదు. సైన్యం అవసరం కూడా రాలేదు.

కొడుకు మరణవార్త విని ఆ తల్లి హైదరాబాదు నుంచి లాహోరు వెళ్ళింది. శవాన్ని తనకు అప్పగించాలని కోరింది. డిసెంబరు 12న అధికారులు ఒక సమాధిని తవ్వించి, అందులోని దేహాన్ని ఆమెకు చూపించారు. నెల రోజులు మట్టిలో ఉన్న ఆ దేహాన్ని ఆమె పరిశీలించి, ఇది నా కొడుకుది కాదని చెప్పివేసింది. మరి ఆ శవం ఎవరిది? నాసిర్‌ను ఎక్కడ పూడ్చారు? అధికారులు బదులు చెప్పలేదు. ఒంటిమీది గుర్తులు బయటపడతాయనే భయంతో దేహాన్ని మార్చివేశారన్న అనుమానం ఆయన మిత్రులకు చివరిదాకా పోలేదు. ఆమె వట్టి చేతులతో వెనుదిరిగింది.

కోట మాత్రం తన పని మానుకోలేదు. 1977లో జియా వచ్చిన తరువాత మళ్ళీ నిండింది. 1981 మార్చిలో పాకిస్తాన్ విమానాన్ని హైజాక్ చేసినప్పుడు దేశమంతటా అరెస్టులు జరిగి, ఎంతోమంది రాజకీయ కార్యకర్తలు ఆ గదులలోకి చేరారు. లాహోరు కోటను యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చినది కూడా ఆ సంవత్సరమే.