చూపు మర్మమెరిగిన జోసెఫ్ ప్లాటో

గుంతకల్లు నుండి గుత్తికిగాని, బళ్ళారికిగాని రాత్రివేళ పోయేవారికి ముందు నడుస్తున్న లారీ వెనుక వెలిగే ఎర్రదీపమే రక్ష. ఒకప్పుడు అన్ని వాహనాలలోను ఆ దీపం లోహపు తీగ వేడెక్కడంవల్ల వెలిగేది. నేడు అనేక వాహనాలలో ఆ స్థానాన్ని ఎల్.ఇ.డి. దీపం ఆక్రమించింది. పాత వాహనాలకు సైతం మెకానిక్కులు దానిని అమర్చుతున్నారు. అయితే ఆ దీపాన్ని మిణుకుమిణుకుమనకుండా మందంగా వెలిగించడం ఎట్లా? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకబోతే, 19వ శతాబ్దపు బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో కృషి వద్దకు చేరుకుంటాము. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో వేరు, ఈయన వేరు. ఈ మహనీయుని జీవితాన్ని విద్యార్థిలోకానికి సంగ్రహంగా పరిచయం చేయడమే మా ఉద్దేశము.

ప్లాటో 1801 అక్టోబరు 14న బ్రస్సెల్స్ నగరంలో జన్మించాడు. తండ్రి చిత్రకారుడు. కుమారుడు కూడ చిత్రకారుడు కావలెనని ఆయన కోరిక. కాని ప్లాటో 14 ఏండ్ల ప్రాయంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ సంరక్షణలో పెరిగాడు. లీజ్ విశ్వవిద్యాలయంలో చదివి, 1829లో డాక్టరు పట్టం పొందాడు. కంటి వెనుకనున్న నేత్రపటలం మీద కాంతి, వర్ణములు వేసే ముద్ర ఎంతసేపు నిలుస్తుందన్నదే ఆయన పరిశోధనాంశం. 1835లో ఘెంట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి లభించింది.

రంగురంగుల బొంగరం వేగంగా తిరిగేటప్పుడు రంగులన్నీ కలిసి ఒకే వర్ణంగా కనబడుతాయని 11వ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ హైతమ్ తన దృష్టిశాస్త్ర గ్రంథంలో చర్చించాడు. ప్లాటో ఈ విషయాన్ని కొలతలకు లోబరిచాడు. 1832లో ఆయన నిర్మించిన చక్రంలో సన్నని చీలికల గుండా చూస్తే, వరుసగా గీసిన బొమ్మలు కదలాడుతున్నట్లు కనబడేవి. నేటి చలనచిత్రానికి అది ఒక పూర్వరూపము. వేగంగా వెలిగి ఆరే కాంతి కంటికి దాని సగటు ప్రకాశంతో నిలకడగా కనబడుతుందని 1834లో ఆంగ్లేయుడు టాల్బట్ ప్రకటించగా, మరుసటి ఏడు ప్లాటో ప్రయోగాలతో దానిని ధ్రువపరిచాడు. అందుకే దానికి టాల్బట్-ప్లాటో నియమమని పేరు వచ్చింది.

ఈ నియమానికి, మన లారీ దీపానికి గల సంబంధమేమి? పాత వెనుక బల్బులో సాధారణంగా రెండు తీగలుండేవి. 5 వాట్ల తీగ రాత్రంతా వెలిగేది. 21 వాట్ల తీగ బ్రేకు తొక్కినపుడు మాత్రమే వెలిగేది. ఎల్.ఇ.డి. అమర్చినపుడు కూడ ఈ తేడా స్పష్టంగా ఉండాలి. లేనిచో బ్రేకు పడినదో లేదో వెనుక వచ్చేవారికి తెలియదు. కనుక బ్రేకు లేనపుడు దీపాన్ని మందగింపజేయవలసి ఉన్నది. దానిని క్షణక్షణమూ వెలిగించి ఆర్పడం ఒక పద్ధతి. ప్రతి విడతలో పదింట ఒక వంతు కాలమే వెలిగితే, ప్రకాశం కూడ పదింట ఒక వంతుగా తోస్తుంది. ఇది ప్లాటో ధ్రువపరచిన లెక్కయే.

అయితే ఆ నియమం వెలుగుచీకట్లు కంటిలో పూర్తిగా కలిసిపోయిన తరువాతనే వర్తిస్తుంది. తీగ బల్బు ఆర్పినా క్షణకాలం వేడి నిలిచి మిణుకును కప్పివేస్తుంది. ఎల్.ఇ.డి.కి ఆ గుణము లేదు, తక్షణమే ఆరిపోతుంది. సెకనుకు 100 లేక 200 సార్లు వెలిగి ఆరే దీపం నిలకడగా చూచినపుడు బాగుగనే ఉంటుంది గాని, మన చూపు ప్రక్కకు మరలగానే ఎర్రపూసల దండవలె చెదిరి కనబడుతుంది. దీనికి రెండు ఉపాయాలున్నవి. ఆ సంఖ్యను సెకనుకు కొన్ని వేలకు పెంచవచ్చును. లేదా అసలు ఆర్పకుండ, ప్రవాహాన్నే తగ్గించి నిలకడగా పంపవచ్చును. 12 వోల్టుల బ్యాటరీ ఇంజను నడిచేటప్పుడు సుమారు 14 వోల్టులకు చేరుతుంది. వోల్టేజి కొద్దిగా పెరిగినా ఎల్.ఇ.డి. ప్రవాహం చాలా పెరుగుతుంది. కనుక ప్రవాహాన్ని అదుపుచేసే చిన్న సర్క్యూటు అమర్చుకొనడం మేలు.

చూపు మర్మాన్ని తెలిసికొన్న ఈ శాస్త్రజ్ఞునికే చూపు కరవైనది. 1829లో ఆయన 25 సెకండ్లపాటు సూర్యుని తదేకంగా చూచాడు. 1843 నాటికి పూర్తిగా అంధుడైనాడు. సూర్యుని చూచుటవల్లనే అంధత్వం కలిగిందని చాలకాలం భావించారు. కంటిలోని దీర్ఘకాలపు వాపు వ్యాధియే అసలు కారణమై ఉండవచ్చునని తరువాతివారి అభిప్రాయం. కారణమేదైనను, సూర్యుని సూటిగా చూడడం నేత్రపటలానికి హాని చేస్తుందనడంలో సందేహం లేదు. గ్రహణ సమయంలోనైనా విద్యార్థులు ఆ సాహసానికి పూనుకోరాదు.

అంధత్వం ప్రాప్తించినా ప్లాటో నిరాశపడలేదు. భార్య, కుమారుడు, అల్లుడు, మిత్రులు ఆయనకు కన్నులైనారు. ఆయన ఆలోచించి చెప్పగా వారు ప్రయోగం చేసేవారు; వారు చూచినది వినిపించగా ఆయన సిద్ధాంతం నిర్మించేవాడు. ఈ విధంగా సబ్బు పొరల ఆకృతులను పరిశోధించి, 1873లో రెండు సంపుటాల గ్రంథాన్ని వెలువరించాడు. ఆయన పేరుతో నిలిచిన ప్లాటో సమస్యను పరిష్కరించిన జెస్సీ డగ్లస్‌కు 1936లో ఫీల్డ్స్ పతకం లభించింది. ప్లాటో 1883 సెప్టెంబరు 15న ఘెంట్‌లో కన్నుమూశాడు.

నలభై సంవత్సరాల చీకటిలో సైతం ఆయన పని ఆగలేదు. ప్రయోగశాలలో పరికరాలు చాలవనో, చదువుకు అనుకూలం లేదనో మనం వెనుకంజ వేసేముందు, తోటివారి కన్నులతో చూచి శాస్త్రాన్ని ముందుకు నడిపిన ఈ ఆచార్యుని ఒక్కసారి తలచుకొందుము గాక.