మట్టిలో మందు వెతికించిన యల్లాప్రగడ సుబ్బారావు

మృగశిర కార్తెలో తొలి వాన పడగానే నల్లగొండ, మహబూబ్‌నగర్ చెల్క నేలల నుంచి కమ్మటి వాసన లేస్తుంది. ఆ వాసనకు ముఖ్య కారణం మట్టిలో బతికే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా. ఇది బూజులా సన్నని పోగులుగా పెరుగుతుంది. ఆహారం తగ్గితే పోగుల చివర గొలుసుకట్టుగా సిద్ధబీజాలు కట్టి, ఎండాకాలం అంతా ఓపిక పడుతుంది. చుట్టూ ఉన్న ఇతర బ్యాక్టీరియాను అణచే పదార్థాలను కూడా తయారు చేస్తుంది. పశువైద్యులు గొర్రెలకు, గేదెలకు వేసే టెట్రాసైక్లిన్ జాతి మందుల పుట్టుక అక్కడే. ఆ జాతిలో మొట్టమొదటి మందు ఒక తెలుగువాడు నడిపిన పరిశోధనశాలలో బయటపడింది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద ధ్యాస తక్కువ. పదమూడేళ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచారు. తల్లి వెంకమ్మ పట్టుబట్టి వెనక్కి రప్పించి బడికి పంపింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని దాటలేదు. తర్వాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టుకుని తరగతులకు వెళ్లడం ఆంగ్లేయ ఆచార్యుడికి నచ్చలేదు. దాంతో పూర్తి వైద్య పట్టా బదులు ఎల్‌.ఎం.ఎస్‌. అనే తక్కువ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బుకు అప్పటికి సరైన మందు లేదు. ఈ దెబ్బే ఆయనను పరిశోధన వైపు నెట్టింది. మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగం ధర్మనిధి ఆసరాతో అమెరికా చేరి హార్వర్డ్‌లో చదివారు. ఖర్చులకు చాలక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని నీలిరంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రకటించారు. మీ పొలం మట్టిని భూసార పరీక్ష కేంద్రానికి ఇస్తే భాస్వరం ఎంత ఉందో చెప్పేది కూడా ఇలాంటి నీలిరంగు పరీక్షే. రంగు ఎంత ముదిరితే భాస్వరం అంత ఎక్కువ. ఆ పద్ధతితోనే కండరాల శక్తికి మూలమైన పదార్థాలను గుర్తించారు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి, కొద్దికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

అక్కడ ఆయన ఆధ్వర్యంలో ఫోలిక్ ఆమ్లం తయారీ సాధ్యమైంది. స్ప్రూ వచ్చినవారికి, గర్భిణులకు అది ఎంతో అవసరం. బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర మూలం కూడా ఆ పరిశోధనశాలే.

మట్టి కథకు వద్దాం. 1943లో స్ట్రెప్టోమైసిన్ మట్టి బ్యాక్టీరియా నుంచే దొరికింది. దాంతో మట్టిలో ఇంకా ఏముందో చూడాలని లెడర్లీ కూడా పూనుకుంది. అందుకోసం డెబ్బై దాటిన, విశ్వవిద్యాలయం వయసు మీరిందని ఇంటికి పంపిన బెంజమిన్ దగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తకు పని అప్పగించారు. ముసలాయనకు అవకాశం ఇవ్వడం నా దృష్టిలో సుబ్బారావు విభాగం చేసిన గొప్ప పనుల్లో ఒకటి. దగ్గర్ అనేక చోట్ల నుంచి మట్టి తెప్పించుకున్నారు. 1945లో మిస్సోరి విశ్వవిద్యాలయ క్షేత్రంలోని ఒక మడి మట్టిలో బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్ దొరికింది. ఏళ్ల తరబడి ఎరువు వేయకుండా తిమోతి గడ్డి మాత్రమే పెంచిన మడి అది. సారం లేదని మనం తీసిపారేసే నేల అన్నమాట. ఆ బ్యాక్టీరియా ఇచ్చిన మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టి 1948 జులైలో లోకానికి చూపించారు. మరుసటి నెలలోనే సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు. వయసు 53. చివరిదాకా ఆయన అమెరికా పౌరసత్వం తీసుకోలేదు.

ఆయన పోయిన తర్వాత కథ ఇంకో మలుపు తిరిగింది. ఆ మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపితే అవి త్వరగా పెరిగాయి. అక్కడి నుంచి జబ్బు లేకపోయినా దాణాలో మందు కలిపే అలవాటు ప్రపంచమంతా పాకింది. కోడి పేగులో ఉండే కోట్ల బ్యాక్టీరియాలో కొన్నింటికి మందును తట్టుకునే గుణం ఉంటుంది. రోజూ కొద్దికొద్దిగా మందు తగిలితే బలహీనమైనవి చచ్చి, తట్టుకునేవి మిగులుతాయి. అవి రెట్టలో, పేడలో కలిసి పొలానికి, అక్కడి నుంచి మనుషులకు చేరుతాయి. అందుకే కోళ్ల ఎరువును పచ్చిగా చల్లకండి. కుప్ప వేసి, తడి ఇచ్చి, లోపల బాగా వేడెక్కి మాగిన తర్వాతే వేయండి.

ఇంకో సంగతి. ఈ మందులు పెరుగుతున్న బ్యాక్టీరియా మీదే పనిచేస్తాయి, సిద్ధబీజాల మీద పనిచేయవు. గొర్రెల్లో చిటుకు రోగం, పశువుల్లో జబ్బవాపు, అన్నిటికీ వచ్చే దొమ్మ రోగం సిద్ధబీజాలు కట్టే బ్యాక్టీరియా వల్లే వస్తాయి. దొమ్మ సిద్ధబీజాలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. హఠాత్తుగా చచ్చి, ముక్కు నుంచి, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్న జీవాన్ని కోయకండి, తోలు తీయకండి. గాలి తగిలితేనే సిద్ధబీజాలు కడతాయి. పశువైద్యునికి చెప్పి, లోతుగా గుంత తవ్వి, సున్నం వేసి పూడ్చండి. చిటుకు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించుకోవాలి.

నల్లగొండ బత్తాయి, నిమ్మ తోటల్లో గజ్జి తెగులుకు కొట్టే స్ట్రెప్టోసైక్లిన్‌లో తొమ్మిది వంతులు స్ట్రెప్టోమైసిన్, ఒక వంతు టెట్రాసైక్లిన్. రెండూ ఈ మట్టి బ్యాక్టీరియా సొత్తే. క్షయ రోగులకు పనికొచ్చే మందును చెట్లకు కొట్టడం తగదని, పంటల్లో ఈ మందుల వాడకాన్ని ఆపేందుకు కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. గజ్జి సోకిన కొమ్మలను కత్తిరించి కాల్చి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పిచికారీ చేయండి.

టెట్రాసైక్లిన్ సూది వేసిన గేదె పాలలో మందు కొన్ని రోజులు దిగుతుంది. ఆ పాలు తోడేస్తే పెరుగు సరిగా తోడుకోకపోవచ్చు, ఎందుకంటే తోడులోని బ్యాక్టీరియాను కూడా మందు అణచేస్తుంది. సీసా మీద రాసిన గడువు ముగిసేదాకా ఆ పాలను కేంద్రంలో పోయకండి, ఇంట్లో వాడకండి. మాంసానికి గడువు ఇంకా ఎక్కువ. సూది వేసిన తేదీని కొట్టం గోడ మీద బొగ్గుతో రాసుకున్నా చాలు. డాక్టరు దూరంగా ఉంటే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం ఊరికే వస్తుంది.