బాపట్ల వ్యవసాయ కళాశాలకు వెయ్యి పున్నముల పండుగ

ఎనభై ఏళ్లు దాటిన పెద్దలకు మన ఇళ్లలో సహస్ర చంద్ర దర్శనం చేస్తాం. వెయ్యి పున్నములు చూసిన ఆ చేతుల దీవెన కోసం చుట్టాలంతా కూడతారు. బాపట్ల వ్యవసాయ కళాశాలకూ ఇప్పుడు ఆ ఈడు వచ్చింది. ఉమ్మడి మద్రాసు రోజుల్లో, కోయంబత్తూరు తర్వాత రెండో వ్యవసాయ కళాశాలగా 1945 జూలై 11న తలుపు తెరిచిన ఆ పెద్దమ్మకు మార్టూరు నుంచి మా అక్షింతలు.

మాది నల్లరేగడి. పండించేది పత్తి, మిరప. తినేది మాత్రం బీపీటీ అన్నం. ఆ మూడక్షరాలు బాపట్లవేనని మా పిల్లల్లో ఎందరికి తెలుసు? మసూరిని సంకరపరచి బాపట్లలో తయారుచేసిన బీపీటీ 5204 సాంబ మసూరి పేరుతో 1986లో విడుదలైంది. సన్నబియ్యం అంటే ఇదీ అని దేశానికి రుచి చూపించింది. పెళ్లి విస్తరి ముందు కూర్చున్న ప్రతిసారీ ఆ ఊరికి మనం ఒక దండం బాకీ.

1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక కళాశాల దాని నీడకు చేరింది. 1996లో ఆ విశ్వవిద్యాలయానికి నిడుబ్రోలు బిడ్డ, రైతుల కోసం జీవితమంతా పోరాడిన ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. రాష్ట్ర విభజన తర్వాత దాని ప్రధాన స్థానం గుంటూరు పక్కన లాంకు వచ్చింది. లాం అంటే మాకు మిరప విత్తనం. ఎల్‌సీఏ 334లో మొదటి అక్షరం ఆ ఊరిదే. 2022లో మా మండలం బాపట్ల జిల్లాలో కలిసింది గానీ, విత్తనాల చుట్టరికం అంతకంటే చాలా పాతది.

ఇంటర్ బైపీసీ చదివే పిల్లలూ, డాక్టర్ సీటు రాకపోతే చూద్దాంలే అని ఈ చదువును పక్కన పెట్టకండి. ఈఏపీసెట్ ర్యాంకుతో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్‌లో చేరవచ్చు. రైతుల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. ఎంపీసీ వాళ్లకు బాపట్లలోనే వ్యవసాయ ఇంజనీరింగ్ ఉంది. పదో తరగతితో ఆగినవాళ్లకు విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా ఉంది. అన్నిటికంటే నాకు నచ్చేది, బీఎస్సీ చివరి ఏడాదిలో విద్యార్థులు పల్లెలో ఉండి రైతుతోపాటు చేలో దిగడం. చేను గట్టున నోటుబుక్కు పట్టుకుని ఒక ముసలి రైతును ప్రశ్నలడిగే పిల్లను చూస్తే నాకు కడుపు నిండిపోతుంది.

2021లో నల్ల తామర పురుగు మా మిరప పూతను ఎలా తినేసిందో మరచిపోలేదు. దాన్ని తట్టుకునే రకం ఒకటి మా ఊరి బిడ్డ చేతుల మీదుగా రావాలి పెద్దమ్మా. మొదటి నారు మార్టూరు మడిలోనే పోస్తాం.