మంజీరను మళ్లించిన మహా ఇంజినీర్ అలీ నవాజ్ జంగ్
నిజాంసాగర్ నీటితోనే ఇందూరు సీమకు చెరకు, చక్కెర, పట్టణ వికాసం

నిజామాబాద్: నిజాంసాగర్ పేరు తెలియని రైతు ఇందూరు సీమలో ఉండడు. కాని ఆ జలాశయానికి రూపకల్పన చేసిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరు తెలిసినవారు మాత్రం కొద్దిమందే. బోధన్ చెరకు తోటలకు, షక్కర్‌నగర్ చక్కెర కర్మాగారానికి, వర్ని, కోటగిరి, బాన్సువాడ ప్రాంతాల వరి పంటకు, చివరకు నిజామాబాద్ పట్టణ విస్తరణకు కూడా మూలం ఆయన మంజీర నదిపై నిలిపిన నీరే. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ప్రభుత్వం 2014 నుంచి రాష్ట్ర ఇంజినీర్ల దినోత్సవంగా గుర్తించింది. ఆయన జీవితాన్ని, ఆయన కృషివల్ల ఈ జిల్లాలో వచ్చిన మార్పును, ఆ వారసత్వానికి తర్వాతి కాలంలో పట్టిన గతిని తెలుసుకోవడం నేటి తరానికి అవసరం.

బాల్యం, విద్యాభ్యాసం

అలీ నవాజ్ జంగ్ అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాద్‌లో జన్మించారు. తండ్రి నిజాం ప్రభుత్వంలో ఉద్యోగి. సెయింట్ జార్జి గ్రామర్ పాఠశాలలోను, మదర్సా-ఎ-ఆలియాలోను, నిజాం కళాశాలలోను చదువుకున్నారు. చదువులో చూపిన ప్రతిభకు 1896లో ప్రభుత్వ ఉపకార వేతనం లభించింది. దానితో ఇంగ్లండు వెళ్లి కూపర్స్‌హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజినీరింగ్ కళాశాలలో చేరారు. భారతదేశంలోని ప్రజాపనుల శాఖకు ఇంజినీర్లను తయారుచేయడానికే ఏర్పడిన విద్యాసంస్థ అది. అక్కడ శిక్షణ ముగించుకొని 1899లో స్వదేశానికి తిరిగి వచ్చి, నిజాం రాష్ట్ర ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజినీర్‌గా ఉద్యోగం ప్రారంభించారు. 1918 నాటికి చీఫ్ ఇంజినీర్ పదవిని అధిష్ఠించారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రసాదించిన అలీ నవాజ్ జంగ్ అనే బిరుదే తర్వాత ఆయన పేరుగా స్థిరపడింది.

మూసీ వరద నేర్పిన పాఠం

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాద్ నగరాన్ని ముంచెత్తింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి నగరానికి ఎగువన రెండు జలాశయాలు నిర్మించాలని సూచించారు. ఆ సూచనను ఆచరణలోకి తెచ్చిన నాటి ప్రజాపనుల శాఖలో అలీ నవాజ్ జంగ్ ముఖ్యుడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపే కట్టడమే నగర ప్రజల దాహం కూడా తీర్చడం ఆ జలాశయాల విశిష్టత. ఖమ్మం ప్రాంతంలో పాలేరు, వైరా జలాశయాలు కూడా ఆయన హయాంలోనే రూపుదిద్దుకున్నాయి.

అప్పటివరకు తెలంగాణ వ్యవసాయం ప్రధానంగా చెరువులపైనే ఆధారపడి సాగింది. కాకతీయుల కాలం నుంచి వచ్చిన గొలుసుకట్టు చెరువులు ఊరూరా ఉన్నా, వరుసగా రెండేళ్లు వానలు తప్పితే చెరువులు ఎండేవి, పంటలు పోయేవి. పెద్ద నదులపై పెద్ద జలాశయాలు కట్టనిదే కరవు తీరదన్న నిర్ణయానికి ఆనాటి ప్రభుత్వం వచ్చింది. ఆ నిర్ణయంలో నుంచి పుట్టినదే నిజాంసాగర్.

నిజాంసాగర్ నిర్మాణం

మంజీర నది మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటకలోని బీదర్ ప్రాంతం మీదుగా తెలంగాణలో ప్రవేశించి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఈ నదికి అడ్డంగా అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య ఆనకట్ట కట్టేందుకు స్థలం నిర్ణయించారు. 1923లో పనులు మొదలై 1931లో పూర్తయ్యాయి. చీఫ్ ఇంజినీర్‌గా అలీ నవాజ్ జంగ్ ప్రణాళికకు బాధ్యత వహించగా, నిర్మాణ స్థలంలో ఉండి పనులు నడిపించినవారు ఇంజినీర్ సి.సి.పాల్. దాదాపు మూడు కిలోమీటర్ల పొడవైన ఆ రాతి కట్టడం మీద 14 అడుగుల వెడల్పున మోటారు వాహనాలు నడిచే దారిని కూడా నిర్మించారు. 29.72 టీఎంసీల నిల్వ సామర్థ్యంతో, 2.75 లక్షల ఎకరాలకు సాగునీరు అందించే లక్ష్యంతో తయారైన ఈ ప్రాజెక్టు ఆనాటి హైదరాబాద్ రాష్ట్రానికి గర్వకారణంగా నిలిచింది.

ఆ వైభవం వెనుక త్యాగం కూడా ఉంది. జలాశయం కోసం సుమారు 40 గ్రామాలను ఖాళీ చేయించారు. తరతరాల ఇళ్లను, దేవాలయాలను, శ్మశానాలను వదలి ఆ ప్రజలు వేరేచోటికి తరలిపోయారు. ప్రాజెక్టు చరిత్ర చెప్పుకునేటప్పుడు ఇంజినీర్ల పేర్లతో పాటు ఆ ఊళ్లను కూడా స్మరించుకోవడం న్యాయం.

కాలువ వెంట మారిన జీవనం

ఆనకట్ట కంటే ఆసక్తికరమైనది కాలువ. ప్రధాన కాలువ 155 కిలోమీటర్ల పొడవున బాన్సువాడ, వర్ని, బోధన్, నిజామాబాద్, ఆర్మూర్ ప్రాంతాల మీదుగా సాగుతుంది. దానికి వరుసగా అంకెలు వేసిన ఉపకాలువలు ఊరూరికి నీటిని పంచుతాయి. దారిలో ఉన్న పాత చెరువులను ఈ కాలువ ఎండగట్టలేదు. వాటిలో అనేకం కాలువ నీటితో నిండే జలాశయాలుగా కొనసాగాయి. బోధన్ పట్టణానికి తాగునీరిచ్చే బెల్లాల్ చెరువు ఇందుకు ఉదాహరణ. ఎడపల్లి మండలంలోని అలీసాగర్ కూడా ఈ వ్యవస్థలో భాగంగా 1930ల నాటికి రూపొందినదే. ఆ జలాశయం పేరు అలీ నవాజ్ జంగ్ పేరు మీదనే వచ్చిందని జిల్లాలో చెప్పుకుంటారు. నిజామాబాద్ నగర తాగునీటి వనరుల్లో అది ఒకటి.

చెరకు ఏడాది పొడవునా నీరు కోరే పంట. వానాకాలం నిండి ఎండాకాలం ఎండిపోయే చెరువుల కింద విస్తారంగా చెరకు వేయడం సాధ్యం కాదు. నిజాంసాగర్ నీరు వచ్చిన తర్వాతనే బోధన్ చుట్టూ వేల ఎకరాల్లో చెరకు సాగు మొదలైంది. ఆ చెరకును నమ్ముకొని 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపన జరిగింది. 1929లో నిజాం ప్రభుత్వం ఏర్పాటుచేసిన పారిశ్రామిక నిధి అండ ఇటువంటి పరిశ్రమలకు తోడ్పడింది. ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్ద చక్కెర కర్మాగారంగా ఇది పేరుపొందింది. కర్మాగారం చుట్టూ వెలసిన షక్కర్‌నగర్ కాలనీలో కార్మికుల ఇళ్లు, పాఠశాల, ఆసుపత్రి వంటి వసతులు ఏర్పడ్డాయి. తెలుగు, ఉర్దూ, మరాఠీ మాట్లాడే కుటుంబాలు ఒకే వీధిలో కలసి జీవించాయి.

కాలువ నీరు దూరప్రాంతాల రైతులను కూడా ఆకర్షించింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన రైతు కుటుంబాలు భూములు కొని ఆయకట్టులో స్థిరపడ్డాయి. వారి నివాసాలకు క్యాంపులనే పేరు వచ్చింది. బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ ప్రాంతాల్లో నేటికీ ఊరి పేరు చివర క్యాంపు అనే మాట వినిపిస్తుంది. తెలంగాణ యాస, కోస్తా యాస పక్కపక్కనే వినిపించే పల్లెలు ఈ విధంగా ఏర్పడ్డాయి. ఒకరి సాగు పద్ధతులు ఒకరు నేర్చుకున్నారు. నీటి వాటాల విషయంలో తగవులూ పడ్డారు.

పట్టణం పెరిగిన తీరు

1905లో రైలు మార్గం వచ్చిన తర్వాత ఇందూరు నిజామాబాద్‌గా ప్రసిద్ధి చెందింది. రైలు సరుకును దూరం తీసుకుపోయే సౌకర్యం కల్పిస్తే, కాలువ ఆ సరుకును పండించింది. ధాన్యం పెరగడంతో రైసు మిల్లులు వచ్చాయి. మిల్లులతో వర్తకులు, హమాలీలు, లారీ కార్మికులు, బ్యాంకులు పట్టణానికి చేరాయి. పసుపు క్రయవిక్రయాలకు నిజామాబాద్ మార్కెట్ యార్డు దేశవ్యాప్తంగా పేరుపొందింది. జాతీయ పసుపు బోర్డు కార్యాలయం కూడా 2025లో ఇక్కడే ప్రారంభమైంది. 2005లో మునిసిపాలిటీ నగరపాలక సంస్థగా మారింది. 2011 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా 3,11,152.

ఈ పెరుగుదలలో ఒక చిక్కు దాగి ఉంది. పట్టణాన్ని పెంచిన నీటినే పెరిగిన పట్టణాలు మళ్లీ కోరుకున్నాయి. హైదరాబాద్ దాహం తీర్చడానికి 1960లలో మంజీర బ్యారేజీని, 1980లలో నిజాంసాగర్‌కు ఎగువన సింగూరు జలాశయాన్ని నిర్మించారు. సింగూరు సామర్థ్యం దాదాపు 30 టీఎంసీలు. అంటే నిజాంసాగర్ తొలినాటి సామర్థ్యానికి సమానమైన నిల్వ దానికి ఎగువనే ఏర్పడింది. వానలు తగ్గిన సంవత్సరాల్లో రాజధాని తాగునీరా, ఇందూరు సాగునీరా అనే ప్రశ్న ఎదురవుతూ వచ్చింది. సింగూరు నుంచి నీరు విడుదల చేయాలని బోధన్, బాన్సువాడ రైతులు ఆందోళనలు చేసిన సందర్భాలు అనేకం.

పూడిక తెచ్చిన ముప్పు

అంతకంటే ముందే పూడిక రూపంలో మరో ప్రమాదం వచ్చింది. నది మోసుకొచ్చిన మట్టి జలాశయం అడుగున పేరుకుపోవడంతో, 1970ల నాటికి నిజాంసాగర్ నిల్వ సామర్థ్యం 29.72 టీఎంసీల నుంచి 11.8 టీఎంసీలకు పడిపోయింది. నాలుగు దశాబ్దాల్లోనే సగానికి పైగా సామర్థ్యం హరించుకుపోయింది. ఆ తర్వాత జలాశయం నీటిమట్టాన్ని పెంచి సామర్థ్యాన్ని 17.8 టీఎంసీలకు చేర్చారు. అయినా కాలువ చివరి భూములకు నీరు అందడం కష్టమైంది. నీరు ముందుగా అందే రైతు వరి వేస్తే, చివరి రైతు బోరు వేయవలసి వచ్చింది.

ఈ లోటు పూడ్చడానికి గోదావరి నీటిని ఎత్తిపోసే పథకాలు వచ్చాయి. అలీసాగర్ ఎత్తిపోతల ద్వారా సుమారు 53 వేల ఎకరాలకు, అర్గుల రాజారాం గుత్ప ఎత్తిపోతల ద్వారా సుమారు 38 వేల ఎకరాలకు నీరందించాలన్నది లక్ష్యం. ఇవి రెండూ కొత్త భూముల కోసం కాక, నిజాంసాగర్ చివరి ఆయకట్టును నిలబెట్టడం కోసమే ఉద్దేశించినవి. పల్లానికి ప్రవహించి ఖర్చు లేకుండా పొలం చేరిన నీటి స్థానంలో, విద్యుత్తుతో ఎత్తిపోసే నీరు వచ్చింది.

జాతీయ స్థాయిలో గుర్తింపు

అలీ నవాజ్ జంగ్ ప్రతిభ హైదరాబాద్ రాష్ట్ర సరిహద్దులకే పరిమితం కాలేదు. సింధు నదిపై నిర్మాణంలో ఉన్న సుక్కూరు బ్యారేజీని పరిశీలించడానికి 1929లో బొంబాయి ప్రభుత్వం నియమించిన నిపుణుల్లో విశ్వేశ్వరయ్యతో పాటు ఆయన ఒకరు. తుంగభద్ర నీటి పంపకంపై మద్రాసు ప్రభుత్వంతో జరిగిన సుదీర్ఘ చర్చల్లో హైదరాబాద్ పక్షాన వాదన వినిపించారు. 1944లో ఉభయ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరి, 1945లో తుంగభద్ర ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. 1938లో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో నదులు, నీటిపారుదల ఉపసంఘానికి అలీ నవాజ్ జంగ్ అధ్యక్షత వహించారు. స్వాతంత్ర్యం రాకముందే దేశంలోని నదుల నీటిని సమగ్ర దృష్టితో ఉపయోగించుకోవాలని యోచించిన కొద్దిమంది నిపుణుల్లో ఆయన ఒకరు. 1949 డిసెంబరు 6న పరమపదించారు.

మిగిలిన ప్రశ్నలు

ఆయన కాలంలో నదికి, కాలువకు, పొలానికి, ఫ్యాక్టరీకి, పట్టణానికి మధ్య ఒక గొలుసు ఏర్పడింది. ఆ గొలుసులో కొన్ని కడియాలు తర్వాతి కాలంలో తెగిపోయాయి. నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంతో నిజాం దక్కన్ షుగర్స్‌గా మారింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు మూడూ మూతపడ్డాయి. కార్మికులు వీధినపడ్డారు. చెరకు రైతులు పంటను దూరప్రాంతాలకు తరలించవలసి వచ్చింది. చాలామంది చెరకు మాని వరి వైపు మళ్లారు. కర్మాగారాన్ని తిరిగి తెరిపించాలన్న కోరిక అప్పటి నుంచి ప్రతి ఎన్నికలోను వినిపించింది. పునరుద్ధరణ మార్గాలను పరిశీలించడానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం కమిటీని నియమించింది.

జిల్లాల పునర్విభజనతో 2016లో నిజాంసాగర్ జలాశయం కామారెడ్డి జిల్లాలోకి వెళ్లింది. ఆయకట్టులో అధిక భాగం నిజామాబాద్ జిల్లాలో ఉండిపోయింది. నీటి విడుదలపై నిర్ణయాలకు రెండు జిల్లాల అధికారులు, రైతులు సమన్వయంతో మెలగడం తప్పనిసరైంది.

అలీ నవాజ్ జంగ్ ఒక పట్టణానికి నేరుగా ప్రణాళిక వేయలేదు. కాని నీరు ఎంత ఉందో, దానితో ఎంత భూమి పండుతుందో ముందుగా లెక్కించి పనిలో దిగారు. నిజామాబాద్, బోధన్ పట్టణాలు కొత్త కాలనీలతో విస్తరించేటప్పుడు అటువంటి లెక్కే ముందుగా కావాలి. కాలువ గట్లను, చెరువు శిఖాలను ఆక్రమణల నుంచి కాపాడటం, జలాశయంలో చేరే పూడికను అరికట్టడం, మంజీర నీటిలో చివరి రైతు వాటాను నిలబెట్టడం ఆ మహనీయునికి జిల్లా ప్రజలు అర్పించగల నిజమైన నివాళి.