రెడ్ గ్రేంజ్: డిగ్రీకి ముందే వెళ్ళిపోయిన ఆటగాడు

నేను ఎమ్మెస్ చేసింది ఇల్లినాయ్ యూనివర్సిటీలో. షికాగో నించి కారులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం, దారి పొడుగునా మొక్కజొన్న చేలే. నా గ్రాడ్యుయేషన్‌కి అమ్మా నాన్నా వచ్చినప్పుడు కేంపస్ అంతా తిప్పి, చివర్లో ఫుట్‌బాల్ స్టేడియం దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ పన్నెండడుగుల కంచు విగ్రహం ఒకటుంది, బంతి చంకలో పెట్టుకుని పరిగెడుతున్న కుర్రాడిది. నాన్న కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. విగ్రహం కేసి కాసేపు చూసి, ఎవరీయన అని అడిగారు. రెడ్ గ్రేంజ్ అనే ఆటగాడు, ఇక్కడే చదివాడు అని చెప్పాను. ఏం చదివాడు అన్నారు. నాకు తెలీదు.

నాన్న ప్రశ్నలన్నీ అలాగే ఉంటాయి. నా థీసిస్ సగంలో ఉండగా ఒక చిన్న కంపెనీవాళ్ళు చదువు పక్కన పెట్టి వచ్చెయ్యమన్నారు. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ముందు ఆ కాయితం చేతికి రానియ్యమన్నారు. వీసా సంగతి సరేసరి. నేను వెళ్ళలేదు. అందుకేనేమో, ఆ తరవాత లైబ్రరీ పుస్తకాల్లో గ్రేంజ్ కథ చదివినప్పుడు మనసులో ఎక్కడో గుచ్చుకుంది. విగ్రహం పెట్టించుకున్న ఆ మనిషికి అసలు డిగ్రీయే లేదు!

మన పాఠకుల్లో ఈ ఆట చూడనివాళ్ళ కోసం ఒక్క మాట. ఇది మనం చిన్నప్పుడు కాలితో తన్నిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకుని, అడ్డొచ్చే పదకొండుమందినీ తప్పించుకుంటూ, 100 గజాల మైదానంలో అవతలి గీత దాటాలి. దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. గుంపులోంచి సందు చూసుకుని దూరిపోవడంలో గ్రేంజ్‌ని మించినవాడు ఆ రోజుల్లో లేడు. ఒక రకంగా మన కబడ్డీలో కూతకెళ్ళినవాడి పని అనుకోండి, కాకపోతే వెనక్కి రానక్కర్లేదు.

హెరాల్డ్ గ్రేంజ్ 1903 జూన్ 13న పెన్సిల్వేనియాలోని ఫోర్క్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఎర్రజుట్టు కనక అందరికీ రెడ్ అయ్యాడు. తండ్రి లైల్ గ్రేంజ్ కలప కొట్టే శిబిరాల్లో మేస్త్రీ. పిల్లాడికి అయిదేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రి పిల్లల్ని తీసుకుని షికాగో దగ్గర వీటన్ అనే ఊరికి, తన బంధువులున్న చోటికి, వచ్చేశాడు. అక్కడ పోలీసు ఉద్యోగంలో చేరి ఊరి పోలీసు అధికారి అయ్యాడు. పేరు పెద్దదే గానీ జీతం చిన్నది.

ఫ్రిజ్‌లు ఇంటింటికీ రాని రోజులవి. ఐసు దిమ్మల్ని బండి మీద తెచ్చి వంటింటిదాకా మోసి ఇచ్చేవాళ్ళు. హైస్కూల్లో ఉన్నప్పటినించీ గ్రేంజ్ ప్రతి వేసవిలోనూ ఆ పనే చేశాడు. ఒక్కో దిమ్మ నలభై కిలోల దాకా ఉండేది. ఒకసారి బండి మీంచి జారితే చక్రం అతని కాలి మీదినించి పోయింది. మోకాలి మీద పడి ఉంటే కథ అక్కడే అయిపోయేది. దేశమంతా పేరు మోగిన తరవాత కూడా అతను వేసవి రాగానే వీటన్ వెళ్ళి ఐసు మోశాడు. పత్రికలవాళ్ళు అతనికి వీటన్ ఐసుమనిషి అని పేరు పెట్టారు. వాళ్ళకది వింత, అతనికి మాత్రం కాలేజీ ఖర్చు.

1922లో ఇల్లినాయ్‌లో చేరాడు. ఇంటికి దగ్గర, ఖర్చు తక్కువ. ఫుట్‌బాల్ ఆడే ఉద్దేశం లేదు, పరుగు పందాలూ బాస్కెట్‌బాలూ చాలనుకున్నాడు. అతనుండే హాస్టల్లాంటి సంఘంలో సీనియర్లు ఒప్పుకోలేదు. ఒకరోజు మైదానానికి వెళ్ళి, అక్కడున్న వందలాది కుర్రాళ్ళని చూసి బెదిరి వెనక్కొచ్చేస్తే, సీనియర్లు చెక్క బద్దతో నాలుగంటించి మళ్ళీ పంపించారు. మన ఇంజినీరింగ్ కాలేజీల రేగింగ్ వల్ల ఎవరికైనా మేలు జరిగిందని నేను వినలేదు గానీ, ఇక్కడ మాత్రం జరిగింది.

కోచ్ పేరు బాబ్ జప్కీ. జర్మనీలో పుట్టిన పొట్టి మనిషి, బొమ్మలు గీస్తాడు, ఆటని చదరంగంలా ఆలోచిస్తాడు. అతను ఇచ్చిన చొక్కా నంబరు 77. 1923లో మొదటి ఆటలోనే, నెబ్రాస్కా మీద, గ్రేంజ్ మూడు టచ్‌డౌన్లు చేశాడు. ఆ ఏడు ఇల్లినాయ్ ఒక్క ఆటా ఓడలేదు.

ఇప్పటికీ అక్కడ చెప్పుకునేది మాత్రం 1924 అక్టోబరు 18. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఇల్లినాయ్ వాళ్ళ జ్ఞాపకార్థం కట్టిన స్టేడియం అది, స్తంభాల మీద వాళ్ళ పేర్లుంటాయి. ఆ రోజు దాని ప్రారంభోత్సవం. ఎదుట మిషిగన్, ఎన్నాళ్ళగానో ఓటమి ఎరగని జట్టు. 67,000 మంది జనం. ఆట మొదలుపెడుతూ మిషిగన్ వాళ్ళు తన్నిన బంతిని పట్టుకుని గ్రేంజ్ 95 గజాలు పరిగెత్తి గీత దాటాడు. తరవాత 67 గజాలు. తరవాత 56. ఆ తరవాత 44. మొదటి పన్నెండు నిమిషాల్లో నాలుగు టచ్‌డౌన్లు! జప్కీ అతన్ని కాసేపు కూచోబెట్టాడు. తిరిగొచ్చి అయిదోది చేశాడు, ఆరోదానికి బంతి విసిరాడు. 39-14తో ఇల్లినాయ్ గెలిచింది. పరిగెత్తే దయ్యం అన్న అర్థంలో గేలపింగ్ ఘోస్ట్ అనే బిరుదు ఆ రోజుల్లోనే వచ్చింది. 1925 అక్టోబరులో టైమ్ పత్రిక ముఖచిత్రం కూడా అయ్యాడు.

ఇంతా చేసి అతనికి చేతికొచ్చింది ఏమిటి? టికెట్ల డబ్బు యూనివర్సిటీది, జీతం కోచ్‌ది, అమ్మకాలు పత్రికలవి. కాలేజీ ఆటగాడు డబ్బు ముట్టుకోకూడదు, అది నియమం. వేసవిలో ఐసు మోసుకోవచ్చు.

అప్పుడు ప్రవేశించాడు సి.సి. పైల్. షాంపేన్‌లో సినిమా హాళ్ళు నడిపే మనిషి, ఖరీదైన సూట్లు, మాటకారి. ఒకరోజు హాల్లో సినిమా చూస్తున్న గ్రేంజ్‌ని తన గదికి పిలిపించి, లక్ష డాలర్లు సంపాదించాలనుందా అని అడిగాడు. షికాగో బేర్స్ యజమానులు జార్జ్ హేలస్, డచ్ స్టెర్నమన్‌లతో బేరం కుదిర్చాడు. గేటు దగ్గర వచ్చే డబ్బులో సగం బేర్స్‌కి, సగం గ్రేంజ్-పైల్ జంటకి.

ఇందులో సాహసం ఏముందని ఇవాళ మనకి అనిపిస్తుంది. ఎన్.ఎఫ్.ఎల్. అంటే ఇప్పుడు వేల కోట్ల వ్యాపారం. 1925లో దానికి అయిదేళ్ళు. జట్లు పాట్స్‌విల్, రాక్ ఐలండ్, డులూత్ లాంటి ఊళ్ళవి. ఆటకి నూరు డాలర్లొస్తే గొప్ప, వారం మధ్యలో వేరే ఉద్యోగం చేసుకోవాల్సిందే. ఇవాళున్న జట్టు మరుసటేడు ఉంటుందో లేదో తెలీదు. డబ్బు కోసం ఫుట్‌బాల్ ఆడటమంటే మర్యాదస్తుల దృష్టిలో కుస్తీ గోదాలో దిగడం లాంటిదే. కాలేజీ ఆట చదువుకున్నవాళ్ళది, ఇది బతకలేనివాళ్ళది. ఇంకో ఏడు నెలలాగితే డిగ్రీ వచ్చే కుర్రాడు ఆ గోదాలోకి దిగుతానంటే ఊరంతా ఊరుకుంటుందా? పుకార్లు మొదలయ్యాయి, ఇప్పటికే సంతకం పెట్టాడని పత్రికలు రాశాయి. అదే నిజమైతే చివరి ఆట ఆడనివ్వరు. పెట్టలేదని గ్రేంజ్ చెప్పుకుంటూ వచ్చాడు.

1925 నవంబరు 21న ఒహాయోలో, కొలంబస్‌లో ఆఖరి కాలేజీ ఆట. 85,000 మంది చూడగా ఇల్లినాయ్ 14-9తో గెలిచింది. అది అవగానే గ్రేంజ్ తాను బేర్స్‌లో చేరుతున్నానని పత్రికలవాళ్ళకి చెప్పేశాడు. ఆ సాయంత్రం కోచ్ జప్కీ అతన్ని టాక్సీ ఎక్కించుకుని ఊరంతా తిప్పుతూ మానుకోమని నచ్చజెప్పాడు. ఫుట్‌బాల్ నేర్పి మీరు జీతం తీసుకోవచ్చు గానీ, ఆడి నేను తీసుకుంటే తప్పెలా అవుతుందని గ్రేంజ్ అడిగాడు. జప్కీ దగ్గర దీనికి జవాబు లేదనే నాకనిపిస్తుంది. అయినా ఆయన బాధ నాకర్థమౌతుంది. మూడేళ్ళు పెంచిన కుర్రాడు కళ్ళముందే సర్కస్‌లోకి వెళ్తున్నట్టు ఉండి ఉంటుంది. ఆ తరవాత కొన్నేళ్ళపాటు ఇద్దరికీ మాటల్లేవు.

మర్నాడే గ్రేంజ్ షికాగోలో బేర్స్ బెంచి మీద కూచున్నాడు. నవంబరు 26న థేంక్స్‌గివింగ్ రోజున మొదటి ఆట. ఎప్పుడూ కొద్ది వేలమంది వచ్చే ఆటకి 36,000 మంది వచ్చారు. కార్డినల్స్ తరఫున పేడీ డ్రిస్కాల్ బంతిని తన్నిన ప్రతిసారీ గ్రేంజ్ చేతికి అందకుండా తన్నాడు. 0-0. జనం డ్రిస్కాల్‌ని తిట్టుకుంటూ ఇళ్ళకెళ్ళారు.

తరవాతది ఆట అనాలో, కూలిపని అనాలో తెలీదు. మొదటి 18 రోజుల్లో 10 ఆటలు! ఇవాళ్టి ఆటగాళ్ళు వారానికి ఒకటాడితేనే మిగతా రోజులు ఐసు తొట్టిలో కూచుంటారు. డిసెంబరు 5న ఫిలడెల్ఫియాలో వాన బురదలో ఆడి, ఆ మర్నాడే న్యూయార్క్‌లో పోలో గ్రౌండ్స్‌లో దిగారు. అక్కడ దాదాపు 70,000 మంది. జయంట్స్ యజమాని టిమ్ మారా ఆ ఏడే జట్టు కొని అప్పుల్లో కూరుకుపోయి ఉన్నాడు. ఆ ఒక్క మధ్యాహ్నంతో ఒడ్డునపడ్డాడు. వాషింగ్టన్‌లో ప్రెసిడెంట్ కూలిడ్జ్ దగ్గరికి తీసుకెళ్ళి, బేర్స్‌తో ఉన్నాడని పరిచయం చేస్తే, ఆయన ఎలుగుబంట్ల సర్కస్ అనుకుని తనకి జంతువుల ఆటలంటే ఇష్టమన్నాడని గ్రేంజ్ తరవాత నవ్వుతూ చెప్పేవాడు.

బోస్టన్ వచ్చేసరికి ఒళ్ళు హూనం. జనం గేలి చేశారు. కాలేజీలో ఎప్పుడూ వినని గోల అది. డబ్బిచ్చి కొనుక్కున్నవాడికి తిట్టే హక్కు కూడా వస్తుందని అతనికి ఆ రోజే తెలిసుంటుంది. పిట్స్‌బర్గ్‌లో చేతికి దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టింది. డెట్రాయిట్‌లో అతను ఆడటంలేదని తెలిసి జనం టికెట్ డబ్బు వెనక్కి తీసుకున్నారు. కాస్త తేరుకున్నాక క్రిస్మస్ నాటికి ఫ్లోరిడా, అక్కణ్ణించి న్యూ ఆర్లీన్స్, లాస్ ఏంజెలెస్, సియాటిల్. మొత్తం 67 రోజుల్లో 19 ఆటలు. అతని వాటా లక్ష డాలర్లు దాటింది. బొమ్మలూ స్వెట్టర్లూ చాక్లెట్లూ అతని పేరుతో అమ్ముడయ్యాయి. పైల్ విలేకరులకి చూపించిన 3,00,000 డాలర్ల సినిమా చెక్కు మాత్రం ఉత్త ప్రచారం.

1926లో ఎన్.ఎఫ్.ఎల్. కొత్త నియమం పెట్టింది, తోటివాళ్ళు గ్రాడ్యుయేటయ్యేదాకా ఏ కాలేజీ కుర్రాణ్ణీ జట్లలోకి తీసుకోకూడదని. గ్రేంజ్ మూలాన బాగుపడ్డ లీగే గ్రేంజ్ వచ్చిన తలుపు మూసేసింది.

అదే ఏడు పైల్ అత్యాశకి పోయాడు. బేర్స్‌లో మూడోవంతు వాటా అడిగితే హేలస్ కుదరదన్నాడు. పైల్ సొంతంగా ఒక లీగే పెట్టాడు, న్యూయార్క్ యాంకీస్ అని జట్టు. లీగు ఒక్క ఏడాదికే మూతపడింది. జట్టుని ఎన్.ఎఫ్.ఎల్. చేర్చుకుంది. 1927 అక్టోబరులో షికాగోలో, తన పాత బేర్స్ మీదే ఆడుతుండగా గ్రేంజ్ కుడి మోకాలు పోయింది. 1928 అంతా ఆడనేలేదు. కాలేజీ వదిలి రెండేళ్ళు కూడా కాలేదప్పటికి. నాన్నలాంటివాళ్ళు సరిగ్గా దేని గురించి భయపడతారో అదే జరిగింది.

1929లో హేలస్ మళ్ళీ పిలిచాడు. దిశ మార్చుకుంటూ పరిగెత్తే విద్య పోయింది, తిన్నగా వెళ్ళడమే వచ్చు. ఇక్కణ్ణించి అతని మీద నాకు గౌరవం మొదలైంది. దయ్యం బిరుదు పక్కన పెట్టి, అవతలివాళ్ళని ఆపే పని నేర్చుకున్నాడు. పేపర్లో పేరు రాని పని. తమ్ముడు గార్లండ్ కూడా అప్పుడు అదే జట్టులో ఉన్నాడు.

1933 డిసెంబరు 17న షికాగోలో ఎన్.ఎఫ్.ఎల్. మొదటి చాంపియన్‌షిప్ ఆట. బేర్స్ 23, జయంట్స్ 21. ఆఖరి క్షణాల్లో జయంట్స్ ఆటగాడు బాడ్‌గ్రో బంతి పట్టుకుని ముందుకొస్తున్నాడు, పక్కనే ఇంకొకడు. ఎదురుగా గ్రేంజ్ ఒక్కడే. మామూలుగా అయితే కాళ్ళు పట్టి పడెయ్యాలి. కానీ కాళ్ళు పట్టుకుంటే పడుతూ పడుతూ బంతి పక్కవాడికి అందించేస్తాడు, వాడు గీత దాటేస్తాడు. గ్రేంజ్ అది గ్రహించి, పైన, ఛాతీ దగ్గర, చేతుల్ని బంతితో సహా కావలించుకుని పడిపోయాడు. ఆట అయిపోయింది. మిషిగన్ మీద నాలుగు పరుగులకంటే నాకిదే ఎక్కువ నచ్చుతుంది. ఇందులో కాళ్ళ పని తక్కువ.

1934 సీజన్‌తో ఆట ముగిసింది. తరవాత కొంత కోచింగ్, ఇన్స్యూరెన్స్ వ్యాపారం, రేడియోలో టీవీలో వ్యాఖ్యానం. 1941లో పెళ్ళి. జప్కీతో మళ్ళీ మాటలు కలిశాయి. 1950లో ఇల్లినాయ్ ప్రజలు అతన్ని యూనివర్సిటీ ట్రస్టీగా ఓట్లేసి ఎన్నుకున్నారు. ఆ డిగ్రీ లేని మనిషి డిగ్రీలిచ్చే బోర్డులో కూచున్నాడు. 1963లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదలుపెట్టినప్పుడు తొలి జాబితాలో అతని పేరుంది. డిగ్రీ పూర్తికాని కుర్రాళ్ళని లీగు మామూలుగా రానివ్వడం మొదలైంది 1990లో. మరుసటేడు జనవరి 28న ఫ్లోరిడాలో గ్రేంజ్ పోయాడు, 87 ఏళ్ళకి. కాలేజీలో ఉంటూనే ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చని ఒప్పుకోడానికి 2021 దాకా పట్టింది.

ఇదంతా ఒక ఆదివారం ఫోన్లో నాన్నకి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. మోకాలి దగ్గర అయ్యో అన్నారు, ట్రస్టీ దగ్గర నవ్వారు. అంతా అయ్యాక, ఆ మిగిలిన పరీక్షలు తరవాతైనా కట్టాడా అని అడిగారు.

లేదు నాన్నా, అన్నాను.