ఎండకు కరగని రబ్బరు : ఛార్లెస్ గుడ్‌ఇయర్ చరిత్ర

సాదలి చుట్టుపట్ల పొలములలో నడచునప్పుడు రెండు రకముల గొట్టములు మన కాళ్ళకు అడ్డుపడుచుండును. ఒకటి బోరుబావి నుండి నీటిని తెచ్చు పి.వి.సి. గొట్టము. రెండవది ద్రాక్షతోటలలోను, టొమేటో సాళ్ళలోను మొక్క మొక్కకు చుక్క చుక్కగా నీరు విడుచు నల్లని డ్రిప్ గొట్టము. ఈ రెండవది నల్లగానే యేల ఉండవలెనని విద్యార్థులు మమ్ము అడుగుచుందురు. అందముకొరకు కాదు. ప్లాస్టిక్కు ఒంటరిగా మన యెండను ఓర్వజాలదు; కొలది కాలములోనే పెళుసుబారి విరిగిపోవును. కావున నూటికి రెండు పాళ్ళు, లేదా అంతకు కొంచెమెక్కువ, సన్నని మసిని దానిలో కలుపుదురు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములను ఆ మసి తాను మ్రింగి గొట్టమును కాపాడును. పి.వి.సి. సంగతి వేరు. దానికి ఎండకంటె ముందు కార్ఖానాలోని వేడియే శత్రువు. గొట్టముగా పోతపోయుటకు దానిని కరగించునప్పుడే అది ఆమ్లవాయువును విడుచుచు పసుపుబారి, పిదప గోధుమవన్నెకు తిరిగి చెడిపోవును. అట్లు చెడకుండ కొన్ని లోహలవణములను ముందుగనే చేర్చి కరగింతురు.

ఒక పదార్థమునకు పుట్టుకతో లేని ఓర్పును వేరొక పదార్థమును కొంచెము కలిపి తెచ్చిపెట్టు విద్య ఇది. నేటి ప్లాస్టిక్కులు పుట్టకమునుపే, రబ్బరు విషయమున, ఈ విద్యకై తన బ్రదుకును, తన కుటుంబము బ్రదుకును కూడ ధారపోసిన వ్యక్తి చరిత్రను ఈ సంచికలో చెప్పబోవుచున్నాము.

ఛార్లెస్ గుడ్‌ఇయర్ 1800వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున, న్యూహేవెన్ పట్టణమున జన్మించెను. తండ్రి గుండీలు, సేద్యపు పనిముట్లు చేయించి అమ్మువాడు. ఛార్లెస్ ఇనుప సామానుల వ్యాపారము నేర్చి, 1824లో క్లారిస్సా బీచర్ అను నామెను వివాహమాడి, రెండేండ్లకు ఫిలడెల్ఫియా నగరమున అంగడి తెరచెను. వ్యాపారము నాలుగేండ్లు నిలువలేదు. అరువుకు సరకు తీసికొనిన వారు చెల్లింపలేదు. ఆయనకు అరువిచ్చిన వారు ఊరకుండలేదు. ఆ కాలమున అప్పు తీర్పలేనివానిని చెరసాలలో నుంచుట ఆ దేశపు చట్టము. అది మొదలు జీవితాంతము వరకు ఆయనకు చెరసాల ద్వారము చిరపరిచితమైనది.

ఆ దినములలో రబ్బరు ఒక వింత. అమెరికా ఖండపు ఉష్ణప్రదేశములలో ఒక జాతి చెట్టు బెరడును గీసినచో కారు పాలనుండి అది వచ్చును. నేడు మన కేరళ దేశపు తోటలలోను చూడవచ్చును. 1770లో ప్రీస్ట్‌లీ అను శాస్త్రజ్ఞుడు అది పెన్సిలు వ్రాతను చెరుపుటను వ్రాసిపెట్టెను. 1823లో మాకింటోష్ అను నాతడు రెండు గుడ్డల నడుమ దానిని పూసి వానకోటులు చేసెను. 1830 తరువాత బోస్టన్ నగర ప్రాంతమున రబ్బరు కంపెనీలు పుట్టగొడుగులవలె లేచెను. జనులు బూట్లు, కోటులు, టోపీలు విరివిగా కొనిరి. శీతకాలము రాగానే అవి చెక్కవలె బిగిసికొనెను. వేసవి రాగానే జిగట ముద్దలై దుర్గంధము గొట్టెను.

1834లో గుడ్‌ఇయర్ న్యూయార్కులో రాక్స్‌బరీ కంపెనీవారి అంగడిలో నీటిలో తేలుటకు కట్టుకొను గాలిసంచి నొకదానిని చూచెను. దాని మూతిబిరడా సరిగా లేదని తలచి, మేలైన దానిని చేసి తీసికొనిపోయెను. అంగడి యధికారి బిరడాను మెచ్చుకొనెను గాని అసలు రోగము బిరడాలో లేదని చెప్పెను. అమ్మిన సరకు వేలకొలది డాలర్లది కరగి, క్రుళ్ళి తిరిగివచ్చుచున్నదనియు, కంపెనీ మునిగిపోవు స్థితిలో నున్నదనియు తెలిపెను. వేసవిలో కరగని రబ్బరు చేయువాడు ధనవంతుడగునని గుడ్‌ఇయర్‌కు తోచెను. రసాయనశాస్త్రము ఆయన చదివినది కాదు. చేతిలో ధనము లేదు. ఫిలడెల్ఫియాకు తిరిగి వచ్చినంతనే అప్పులవారు మరల చెరసాలకు పంపిరి. తొలి ప్రయోగములు అచ్చటనే జరిగినవి. భార్య యింటినుండి రొట్టెలు వత్తు కర్రను తెచ్చియివ్వగా, ఆ కర్రతో రబ్బరును వత్తుచు, ఏదో ఒక పొడిని అందులో కలుపుచు కూర్చుండెడివాడు.

మొదట కలిపినది మెగ్నీషియా. రబ్బరు తెల్లబడి గట్టిపడినట్లు కానవచ్చెను. ఇంటిల్లిపాదియు కూర్చుండి వందలకొలది జోళ్ళు చేసిరి. వేసవి వచ్చెను, జోళ్ళు ముద్దలయ్యెను. తరువాత సున్నపునీటిలో ఉడికించెను. ఈ సారి గుడ్డ చక్కగా, నునుపుగా వచ్చెను, పత్రికలు పొగడెను. ఒక చుక్క పులుసు పదార్థము తగిలినచోట అది మరల జిగటగా మారుట ఆయనయే కనుగొనెను. పిమ్మట నత్రికామ్లముతో పైపొరను గట్టిపరచు పద్ధతికి 1837లో పేటెంటు పొందెను. ఆ సంవత్సరమే దేశమంతట వ్యాపారములు కుప్పకూలెను. పెట్టుబడి పెట్టినవాడు దివాలా తీసెను. కుటుంబము స్టేటన్ ద్వీపమున పాడుపడిన ఒక రబ్బరు కార్ఖానాలో తలదాచుకొని, పట్టిన చేపలతో కాలము గడపెను. ఆయన మాత్రము రబ్బరు కోటు, రబ్బరు జోళ్ళు, రబ్బరు టోపీ ధరించి వీధులలో తిరుగుచుండెను. ఎవరైనను ఆయనను గుర్తుపట్టగోరినచో ఒళ్ళంతయు రబ్బరు తొడిగి, జేబులో ఒక్క కాసైన లేని రబ్బరు పర్సు గల మనిషిని వెదకవలెనని ఊరివారు పరిహాసమాడెడివారు.

1838లో మసాచుసెట్స్ రాష్ట్రపు వూబర్న్ గ్రామమున నథానియల్ హేవర్డ్ అను పనివానిని కలిసికొనుట ఆయన చరిత్రలో మలుపు. హేవర్డ్ రబ్బరుపై గంధకపు పొడిని చల్లి ఎండలో నుంచెడివాడు. అట్లు చేసినచో పైపొర జిగట పోయి గట్టిపడుచుండెను. గుడ్‌ఇయర్ ఆ పద్ధతి హక్కును కొనెను. పిమ్మట ప్రభుత్వము వారు నూటయేబది తపాలాసంచులు కావలెనని కోరగా, సంచులను చేసి వేడిగదిలో వ్రేలాడదీసి, కుటుంబముతో కొన్ని వారములు పొరుగూరికి వెళ్ళెను. తిరిగివచ్చి చూడగా సంచులు మెత్తబడి, పట్టులు ఊడి నేలపై పడియుండెను. ఎండ పైపొరను మాత్రమే బాగుచేసెను. లోపలి రబ్బరు ఎప్పటివలెనే యుండెను.

1839లో గంధకము కలిసిన రబ్బరు ముక్క యొకటి వేడిపొయ్యికి తగిలెను. కరగవలసిన రబ్బరు కరగక, తోలువలె అంచున మాడి, నడుమ సాగుగుణము కలిగి నిలిచెను. దానిని చలికి బయట వ్రేలాడదీసెను. ఉదయమున చూడగా బిగిసికొనలేదు. అదృష్టమువలన దొరకినదని పలువురు వ్రాయుదురు. మేము అట్లు తలపము. ఆ ముక్కను చూచినవారు ఇతరులును కలరు. వారికి మాడిన రబ్బరు మాడిన రబ్బరే. అయిదేండ్లుగా కరగుటయే చూచి చూచి విసిగిన కంటికి మాత్రమే కరగకపోవుట కానవచ్చెను.

ఇందలి మర్మమును నేటి విద్యార్థి సులభముగా గ్రహింపగలడు. రబ్బరు అణువులు మిక్కిలి పొడవైన గొలుసులు. నులకత్రాళ్ళు విడివిడిగా కుప్పపడియున్నచో లాగినంతనే జారిపోవును. అవే త్రాళ్ళను మంచమునకు అల్లి, అక్కడక్కడ ముడివేసినచో మనిషి కూర్చుండి లేచినను మంచము యథాస్థితికి వచ్చును. గంధకము ఆ ముడివంటిది. గంధకపు అణువు ఎనిమిది పరమాణువుల ఉంగరము. తగినంత వేడి తగిలినచో ఆ ఉంగరము తెగి, రెండు రబ్బరు గొలుసులను జతపరచును. వేడి లేనిచో గంధకము ఊరక పొడిగా ఉండిపోవును. ముడులు కొలదిగా నున్నచో సాగు రబ్బరు. ఎక్కువైనచో దువ్వెనలకు, ఫౌంటెన్ పెన్నులకు వాడిన ఎబొనైటు. గొలుసుల సంగతి స్టౌడింగర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చెప్పినది 1920లో. గుడ్‌ఇయర్ ఏమియు తెలియకయే, చేతితోను కంటితోను దానిని పట్టుకొనెను. మరియొక సంగతి. మెక్సికో ప్రాంతపు ప్రాచీన జనులు మూడువేల యేండ్లకు పూర్వమే రబ్బరుపాలలో ఒక తీగ రసమును కలిపి, ఎగిరెడి బంతులు చేసిరి. అన్యపదార్థమును చేర్చి రబ్బరును బాగుచేయుట వారికి తెలియనిది కాదు.

ఎంత వేడి, ఎంత సేపు, ఎంత గంధకము అనునది తేల్చుటకు మరి యైదేండ్లు పట్టినవి. ఆ యైదేండ్లే ఆ కుటుంబమునకు మిక్కిలి చెడ్డ కాలము. భార్య రొట్టె కాల్చిన పొయ్యిలో రబ్బరు కాల్చెను. ఆమె కాచుచున్న పాత్ర మూతి ఆవిరిలో రబ్బరు వ్రేలాడదీసెను. ఇంటి సామానులు ఒక్కొక్కటిగా తాకట్టుకు పోయెను. ఒక పసివాడు మరణించెను. తుదకు పిల్లల బడిపుస్తకములను కూడ అమ్మి అయిదు డాలర్లు తెచ్చుకొనెను.

ఇచ్చట మేము కలమును కొంచెము ఆపవలసివచ్చినది. గొప్పవారి చరిత్రలు వ్రాయువారు దీనిని దీక్షకు నిదర్శనముగా పొగడుట కలదు. ఈ ప్రాంతమున కన్నడ పుస్తకముతోపాటు తెలుగు పుస్తకమును కూడ సంపాదించి పిల్లలకిచ్చుటకు తలిదండ్రులు పడు శ్రమ మేమెరుగుదుము. కావున ఆ పనిని మేము మెచ్చుకొనజాలము. రబ్బరు లోకమునకు మేలు చేసినది, నిజమే. ఆ పిల్లలను మాత్రము ఎవరును అడుగలేదు. క్లారిస్సా ఏమనుకొనెనో చరిత్ర అంతగా పట్టించుకొనలేదు. రొట్టెలకర్ర యిచ్చిన నాటినుండి ఆమె ఆ గృహమును మోసెను.

1844వ సంవత్సరము జూన్ 15వ తేదీన ఆయనకు అమెరికా పేటెంటు లభించెను. అందు చెప్పిన పాళ్ళు ఇవి: రబ్బరు 25, గంధకము 5, సఫేదా యను సీసపు తెల్లపొడి 7. సీసము గంధకముచే జరుగు పనిని త్వరపరచును. ఈ సీసమును గూర్చి ఒక మాట. తరువాతి కాలమున పి.వి.సి. గొట్టములను వేడినుండి కాపాడుటకు కూడ సీసపు లవణములనే విరివిగా వాడిరి. అవి పి.వి.సి. విడుచు ఆమ్లమును పట్టివేయును, చౌక, గట్టివి. కాని సీసము విషము. కొంచెము కొంచెముగా దేహమున చేరినను ముఖ్యముగా పసిపిల్లల మెదడునకు హాని చేయును. గుడ్‌ఇయర్ దినములలో ఆ భయము లేదు. ఆయన ఆ పొడిని ఏండ్ల తరబడి వట్టిచేతులతో కలిపెను. మన దేశమున పి.వి.సి. గొట్టములలో సీసపు లవణములను అరికట్టుచు కేంద్రప్రభుత్వము 2021లో నియమములు చేసినది. వానికి బదులుగా కాల్షియము, జింకు లవణములను, కొన్ని తగరపు సమ్మేళనములను వాడుదురు.

పేటెంటు వచ్చినను సుఖము రాలేదు. ఆయన పంపిన మచ్చుముక్కలు ఇంగ్లండు చేరెను. అచ్చటి థామస్ హాంకాక్ వానిని పరీక్షించి, గంధకపు జాడను కనిపెట్టి, తానును ప్రయోగములు చేసి, గుడ్‌ఇయర్‌కంటె ముందుగనే ఆ దేశపు పేటెంటు తీసికొనెను. ఈ పనికి వల్కనీకరణము అను పేరు, రోమనుల అగ్నిదేవత పేరిట, హాంకాక్ మిత్రుడు పెట్టినదే. అమెరికాలోను హక్కును అతిక్రమించినవారు అనేకులు. 1852లో ట్రెంటన్ నగరమున జరిగిన వ్యాజ్యమున డేనియల్ వెబ్‌స్టర్ అను ప్రసిద్ధ న్యాయవాది ఆయన పక్షమున వాదించి గెలిపించెను. వెబ్‌స్టర్ పుచ్చుకొనిన రుసుము 15,000 డాలర్లు. గుడ్‌ఇయర్ తన పేటెంటు వలన అంత మొత్తమును ఏ యేడును కండ్ల చూడలేదని చెప్పుదురు.

ధనము చేతికి వచ్చినపుడు ఆయన నిలుపుకొనలేదు. 1851లో లండను మహాప్రదర్శనమున గోడలు, కుర్చీలు, నగలు అన్నియు రబ్బరుతోనే చేసిన మందిరమును నిలిపెను. 1855లో పారిస్ నగరమున అట్టిదే మరల నిలిపెను. ఈ నడుమ 1853లో క్లారిస్సా ఇంగ్లండులోనే కన్నుమూసెను. పారిస్‌లో ఆయన ఫ్రెంచి పేటెంటు చెల్లదని తేలెను. రావలసిన సొమ్ము నిలిచెను. అప్పులవారు పట్టి చెరసాలలో వేయించిరి. ఫ్రాన్సు చక్రవర్తి ప్రసాదించిన గౌరవ పతకమును ఆయన కుమారుడు ఆ చెరసాలకే తీసికొనిపోయి అందించెను.

1860లో కుమార్తె న్యూహేవెన్‌లో మరణశయ్యపై నున్నదని తెలిసి ఆయన బయలుదేరెను. న్యూయార్కు చేరునప్పటికే ఆమె మరణవార్త వచ్చెను. ఆయన అచ్చటనే పడిపోయి, జులై 1వ తేదీన మరణించెను. అప్పటికి ఆయన అప్పులు సుమారు 2,00,000 డాలర్లు. గాలి నింపిన టైరును డన్‌లప్ చేయుటకు అప్పటికింకను ఇరువదియెనిమిది యేండ్ల వ్యవధి కలదు. టైరులో మసి కలుపుట ఇరువదవ శతాబ్దపు పని. 1898లో ఆక్రన్ నగరమున ఒక టైర్ల సంస్థను నెలకొల్పినవారు దానికి గుడ్‌ఇయర్ అని పేరు పెట్టుకొనిరి. ఆ పేరు గల టైర్లు మన బాటలలోను తిరుగుచున్నవి. ఆయన కుటుంబమునకు ఆ సంస్థతో ఏ సంబంధమును లేదు.